పొత్తిగుడ్డల పండుగకు ఎన్ని జతలు?

ప్రశ్న: మేము సికింద్రాబాదులో ఉంటాం. పాపకు 11, బాబుకు 7 ఏళ్లు. డిసెంబరు వచ్చిందంటే మావారు క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు. తలకు మూడేసి జతల బట్టలు, ఇంటికి అలంకరణ, కేకులు, ఆఫీసు వాళ్లకు విందు. ఏప్రిల్ దాకా వాయిదాలు కడుతూ ఉంటాం. నిరుడు 24 రాత్రి విందు ముగిసేసరికి ఒంటిగంట దాటింది. తెల్లవారి ఆరాధనకు వెళ్లేసరికి ప్రసంగం అయిపోయింది. వెనక బల్లమీద కూర్చుని ఏడ్చాను. ఏమైనా అంటే, ‘నా చిన్నప్పుడు ఏడాదికి ఒక్క జతే, అదీ క్రిస్మస్‌కే’ అంటారు. ఆయన మెదక్‌లో పెరిగారు. అత్తగారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నాది చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. కానీ మీ ఉత్తరం మీరే ఒకసారి చదువుకోండి. బట్టలు, కేకులు, కార్డు, వాయిదాలు అన్నీ ఉన్నాయి, యేసు పేరు ఒక్కసారీ లేదు. మీ కోపం కూడా బజారు చుట్టూనే తిరుగుతోంది.

మీవారు అన్న ఆ ఒక్క జత మాట దగ్గర నేను ఆగిపోయాను. మన సంఘాల్లో ఎన్నో ఇళ్లలో ఏడాదంతా అతుకుల బట్టలతో గడిపిన పిల్లలకు క్రిస్మస్ నాడే కొత్త చొక్కా దక్కేది. అది తొడుక్కుని గుడికి నడిచి వెళ్తుంటే ఊరు చూసేది. అది సోకు కాదు, పరువు. ఇప్పుడు ఆయన కొంటున్న మూడు జతల్లో రెండు ఆనాడు తనకు దొరకనివి. ‘లోకాశ’ అని మీరు వాక్యం ఎత్తితే, తన తల్లిదండ్రుల లేమిని ఎత్తిచూపినట్టే ఉంటుంది ఆయనకు.

అందుకని వాక్యం మీరు చదవకండి, ఆయన చేత చదివించండి. లూకా సువార్తలో 24 అధ్యాయాలు. డిసెంబరు 1న మొదలుపెట్టి రాత్రికొకటి చదివితే 24కు పూర్తవుతుంది. రెండో రాత్రే పసికందు యేసును చుట్టిన పొత్తిగుడ్డలు వస్తాయి. ఆ వెనకే, గొర్రెపిల్లను తేగల స్తోమత లేనివాళ్లకు ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జత వస్తుంది. యేసు తల్లిదండ్రులు మరియ, యోసేపులు అర్పించింది అదే. చదివాక మీరేమీ వ్యాఖ్యానించవద్దు. యోసేపులో తన తండ్రి కనబడితే ఆయనే చెబుతారు.

డబ్బు సంగతిని మాత్రం భక్తితో ముడిపెట్టకండి. ఏప్రిల్ దాకా అప్పు తీర్చే పండుగ ఏ మతం వాళ్లకైనా తప్పే. నవంబరు జీతం రాగానే ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకుని, నగదుగా తీసి పెట్టండి. కార్డు బీరువాలో ఉండాలి. తలకు ఒక్క జత చాలు. అది ఆయన చిన్ననాటి లెక్కే కాబట్టి కాదనడం కష్టం! విందు మానమనకండి, పండుగకు ముందే కలిసి జరుపుకునే సెమీ క్రిస్మస్ ఆచారం మనకు ఉండనే ఉంది, 20వ తేదీ లోపు ముగించేయండి.

బాబు క్రిస్మస్ తాత గురించి అడిగితే కసరవద్దు. ఆ తాత వెనక ఉన్నది నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్‌గా ఉన్న నికొలస్ అనీ, ఎవరికీ తెలియకుండా పేదలకు ఇచ్చాడని చెప్పుకుంటారనీ చెప్పండి. ఏడేళ్లవాడికి రహస్యం అంటే మహా సరదా. ఎవరికి ఏం ఇవ్వాలో వాడినే ఆలోచించనివ్వండి. ఫొటో తీయకండి.

అన్నట్టు, ఈసారి 24 సాయంత్రానికి మెదక్ వెళ్లిపోకూడదూ? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన అక్కడి పెద్ద చర్చిని కరవులో జనానికి పని, తిండి దొరకాలని కట్టించారన్న సంగతి పిల్లలకు అత్తగారి నోట వినిపించండి. అక్కడ ఆరాధన తెల్లవారుజామునే. ఇస్త్రీ పని 23నే ముగించుకోండి.