సంపూర్ణ సూర్యగ్రహణం కళ్లారా చూసినవాళ్లు ఉన్నారా? గ్రహణం రోజు పిల్లల్ని ఇంట్లోనే ఉంచాలా?

నేను చూశాను. 1980 ఫిబ్రవరి 16, శనివారం. అప్పుడు నాకు పదేళ్లు. మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు మన్యం జిల్లా అంటున్నారు గానీ అప్పుడు విజయనగరం జిల్లా, అదీ ఏర్పడి ఏడాది కాలేదు.

శివరాత్రి వెళ్లాక వచ్చిన అమావాస్య అది. మా మామ్మ ఊరగాయ జాడీల మీద, మజ్జిగ కుండ మీద దర్భలు వేసింది. పొద్దున్నే భోజనాలు కానిచ్చి, పట్టు స్నానాలు చేసి అందరం లోపలే. కిటికీలకి గోనెసంచులు కట్టారు. అరుగు మీద ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. అది నిలబడితే గ్రహణం పట్టినట్టట. తర్వాత ఒక మామూలు రోజున నేనే నిలబెట్టి చూశాను, శుభ్రంగా నిలబడింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ఇప్పటికీ ప్రతి గ్రహణానికీ టీవీలో అదే వార్త చూపిస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

మా చిన్నాన్న బడిపంతులు. మూడు దాటాక వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "గుంటడి కళ్లు పోతే ఎవడిస్తాడ్రా?" అని మామ్మ ఒకటే గోల. "నాదీ పూచీ అమ్మా" అని నన్ను కల్లం దగ్గరికి తీసుకెళ్లిపోయాడు. ఎనిమిదేళ్ల మా చెల్లి కూడా వస్తానని ఏడ్చింది. ఆడపిల్లని మాత్రం పంపలేదు.

కల్లంలో చింతచెట్టు కింద నిలబడితే, ఆకుల సందుల్లోంచి పడే ఎండ రోజూలా గుండ్రంగా లేదు. నేలంతా చిన్న చిన్న నెలవంకలు. నా తెల్ల బనీను మీద కూడా అవే, గాలికి కదులుతున్నాయి. పైకి చూడనివ్వలేదు చిన్నాన్న. అట్టముక్కకి గుండుసూదితో కన్నం పెట్టి, కింద తెల్లకాగితం పట్టుకుని సూర్యుడు తరిగిపోవడం అందులో చూపించాడు. గాలి చల్లబడింది. కొంగలు చెరువుగట్టు చెట్ల మీదికి వెళ్లిపోతున్నాయి. పడమటి కొండల వైపు నుంచి నీడ వచ్చి మీద పడింది.

"ఇప్పుడు చూడు" అన్నాడు.

సూర్యుడున్న చోట నల్లటి బిళ్ల. చుట్టూ అన్ని పక్కలకీ తెల్లటి వెలుగు పోగులు. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే కాలం కాబట్టి కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పల్చటి వాయువుల పొర, అలా నాలుగు వైపులా విచ్చుకుందని చాలా ఏళ్లకి తెలిసింది. పైన ఒక చుక్క, శుక్రుడు. చిన్నాన్న పైకే అంకెలు లెక్కపెడుతున్నాడు. వంద దాటాక బిళ్ల అంచున నిప్పురవ్వలా మెరిసింది. వెంటనే నా కళ్లు చేత్తో మూసేశాడు. ఆ అరచేతికి సుద్దముక్క వాసన.

కాబట్టి పిల్లల్ని లోపల పెట్టి తలుపులెయ్యకండి. పాక్షికంగా ఉన్నంతసేపూ నేరుగా చూడకూడదు, అది నిజం. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన అద్దాలు, చలువ కళ్లద్దాలు పనికిరావు. గ్రహణం కోసం చేసిన కళ్లద్దాలైనా ఉండాలి, అట్టలో కన్నమైనా ఉండాలి. పూర్తిగా మూసుకున్న ఆ కొద్దిసేపే వట్టి కళ్లతో చూడొచ్చు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు దాకా వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే కనిపించిన పసుపు గీత, హీలియం అనే కొత్త మూలకానిదని తర్వాత తేలింది. సముద్రాలు దాటి వాళ్లొస్తే మనం కిటికీలకి గోనెలు కట్టుకుంటున్నాం!

మా చెల్లి ఇప్పటికీ "ఎలా ఉందన్నయ్యా?" అని అడుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా చూసినట్టు అవుతుందా? 2034 మార్చి 20న కాశ్మీర్, లదాఖ్ వైపు సంపూర్ణ గ్రహణం ఉంది. అప్పటికి తనకి అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులతో కొండలెక్కలేనంటోంది. ఎక్కక్కర్లేదు, జీపులో తీసుకెళ్తానని మాటిచ్చాను.