కారు డాష్‌బోర్డ్ డిస్‌ప్లే మార్చడానికి అంత ఖర్చెందుకు?

స్పీడూ, ఇంధనమూ చూపించే చిన్న స్క్రీన్ ఆరిపోతే యూనిట్ మొత్తం మార్చాలంటున్నారు, అంత ఖర్చెందుకని అడిగారు. ఆ బిల్లులో తెర వంతు తక్కువే. చాలా కంపెనీలు తెరను విడిగా అమ్మవు. తెర, సర్క్యూట్ బోర్డు, ప్రాసెసర్, మెమరీ అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా ఇస్తాయి. పైగా చాలా కార్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క అందులోనే ఉంటుంది, కొన్నింటిలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) సమాచారం కూడా. అందుకే కొత్తది బిగించగానే పని అయిపోదు. ఆ కారుకు తగ్గట్టు కోడింగ్, అంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్, చేయాలి, దానికి వేరే చార్జీ.

నిజానికి పాడయ్యేది ఒక్కోసారి చాలా చిన్న భాగం. 2021లో టెస్లా సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను రీకాల్ చేసింది. కారణం, మధ్య స్క్రీన్‌ను నడిపే 8 జీబీ మెమరీ చిప్ వాడగా వాడగా అరిగిపోవడమే!

కాబట్టి ఒప్పుకునే ముందు ఫ్యూజు, బ్యాటరీ వోల్టేజీ, వెనక కనెక్టరు చెక్ చేయించండి. తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అంకెలు మసగ్గా కనిపిస్తే ఎల్‌సీడీ (తెరలో అంకెలు చూపించే పొర) బాగానే ఉన్నట్టు, పోయింది వెనక లైటు. అదైనా, టంకం వదిలేసిన జాయింటైనా బోర్డు రిపేరు తెలిసినవాళ్లు బాగుచేయగలరు. నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది వాళ్లనే. మీ పాత బోర్డే తిరిగి వస్తుంది కాబట్టి సాధారణంగా కోడింగ్ గొడవ ఉండదు, కిలోమీటర్ల లెక్కా మారదు. సెకండ్‌హ్యాండ్ యూనిట్ చవకే గానీ చాలాసార్లు వేరే కారు లెక్క చూపిస్తుంది, అమ్మేటప్పుడు అది పెద్ద చిక్కు. వారంటీ మిగిలి ఉంటే మాత్రం బయట ఎవరిచేతా విప్పించకండి.