ఆటోనగర్ షెడ్డుకి ఓడ పని

ప్రశ్న: జవహర్ ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ట్యాంకులు, లారీ బాడీలు చేస్తాం. ఓడల తయారీకి ప్రభుత్వం రాయితీ ఇస్తోంది కదా, విశాఖ యార్డులకి హ్యాచ్ మూతలు (ఓడ డెక్ మీది ద్వారాల మూతలు), నిచ్చెనలు చేసిస్తే మాకూ వస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఓడ ధర మీద లెక్కగట్టి ఇచ్చే సాయం కేంద్రానిది. 2016 ఏప్రిల్ 1న మొదలైన ఆ పథకాన్ని 2036 మార్చి 31 దాకా పొడిగించారు. ఆ డబ్బు ఓడ కట్టే ఒప్పందం చేసుకున్న యార్డుకే చేరుతుంది, విడిభాగాలు చేసిచ్చేవాళ్లకి రాదు. రాష్ట్ర మారిటైమ్ బోర్డు చూసేది పోర్టులు, తీరం పనులు. మీ దారి జిల్లా పరిశ్రమల కేంద్రం. చిన్న పరిశ్రమలకి రాష్ట్రం ఇచ్చే ప్రోత్సాహకాలకి అక్కడే దరఖాస్తు పెట్టాలి. ముందు చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, దానికి ఫీజు లేదు. యంత్రాలు కొత్తవి కొనండి, డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. పాత రోలింగ్ మెషిన్ నగదుకి కొని తర్వాత రాయితీ అడిగితే చిక్కుల్లో పడతారు.

రాయితీ కన్నా ముందు మిమ్మల్ని ఆపేది ఉక్కు ప్లేటు. నిచ్చెనల దగ్గర యార్డు కొంత పట్టువిడుపు చూపొచ్చు. హ్యాచ్ మూతకి మాత్రం ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటి క్లాస్ సంస్థ, అంటే ఓడల నాణ్యతని తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థ, ఆమోదించిన ప్లేటే కావాలి. మీ దగ్గర దొరికే ఐఎస్ 2062 ఇ250 రకం మామూలు ఉక్కు ప్లేటు బలానికేం తక్కువ కాదు. పల్చటి ప్లేటులో దాని యీల్డ్ (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి) 250 మెగాపాస్కల్స్, ఓడల గ్రేడ్ ఏ ప్లేటుది 235. లోటల్లా కాగితంలోనే. ప్లేటు మీది హీట్ నంబరు (ఆ ఉక్కుని ఏ విడతలో కరిగించారో చెప్పే నంబరు) మిల్లు సర్టిఫికెట్‌తో కలవకపోతే క్లాస్ సంస్థ సర్వేయరు ఒప్పుకోరు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, కోతలో నంబరున్న మూల తుక్కులోకి పోతుంది, మిగిలిన ముక్క ఏ ప్లేటుదో ఎవరూ చెప్పలేరు. అందుకే గ్యాస్ కట్టర్ వెలిగించకముందే, తనిఖీ మనిషి ఎదుట, ప్రతి ముక్క మీదా ఆ నంబరు పంచ్ కొట్టించండి.

7018 రకం వెల్డింగ్ రాడ్లని పెట్టె మీద రాసిన వేడికి ఓవెన్‌లో కాల్చి, వాడేదాకా వెచ్చటి డబ్బాలో ఉంచండి. చెమ్మ పట్టిన రాడ్డు జాయింటులోకి హైడ్రోజన్ వదులుతుంది. సాయంత్రం నున్నగా కనిపించిన మందపాటి వెల్డు మర్నాటికి పగలొచ్చు.

ప్రశ్న: ఒక యార్డుకి పైపు సపోర్టులు ఇచ్చి 5 నెలలైంది, బిల్లు రాలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సూక్ష్మ, చిన్న పరిశ్రమకి ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాల్సిందేనని చట్టం. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కి 3 రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. చిన్న పరిశ్రమల బకాయిల తగాదాలు తేల్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. కొనుగోలు ఆర్డరు, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు యార్డు గేటు ముద్ర ఉన్న చలానా జతచేయండి. సరుకు ఇచ్చేనాటికే మీకు ఉద్యమ్ నంబరు ఉంటే మంచిది. తర్వాత తీసుకుంటే పాత బిల్లుకి పనికొస్తుందన్న భరోసా లేదు.