గ్రీన్ కాలనీలు కనిపించగానే ఈఎంఎస్ అనుకోవాలా?

ఆకివీడు దగ్గర వనామి చెరువు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసి 25 రోజులు, మేత చూసుకునే చెక్ ట్రేలో చచ్చిన రొయ్యలు, ప్లేటింగ్‌లో (ల్యాబు ప్లేటు మీద బ్యాక్టీరియాని పెంచి చూస్తే) గ్రీన్ కాలనీలు. ఇది ఈఎంఎస్సేనా (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్, సీడ్ వేసిన కొద్ది రోజులకే రొయ్యలు చచ్చే జబ్బు), జన్యువుల్ని వెతికే పీసీఆర్ టెస్టుకి మళ్లీ డబ్బులు పెట్టాలా అని అడిగారు.

పెట్టండి. భీమవరం పక్కన రొయ్యల ల్యాబులో చాన్నాళ్లుగా పనిచేస్తున్నాను. ప్లేటు ఒక్కటే చూసి చెరువులో రొయ్యల్ని ముందే పట్టేసుకుని నష్టపోయినవాళ్లు నాకు తెలుసు.

విబ్రియో అనే బ్యాక్టీరియాని పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద గ్రీన్ వచ్చిందంటే, ఆ విబ్రియో సుక్రోజ్ అనే చక్కెరని వాడుకోలేదని, అంతే. విబ్రియోల్లో పారాహీమోలిటికస్ అనే జాతి అలాగే వస్తుంది, వల్నిఫికస్ కూడా. పోనీ పారాహీమోలిటికస్సే అని తేలినా సరిపోదండి. ఉప్పునీళ్లలో అది మామూలుగా ఉండేదే, అందులో చాలా రకాలు ఈఎంఎస్ తేవు. రొయ్య లివర్‌ని తినేసేది పిర్‌ఎ, పిర్‌బి అనే జన్యువులు చేయించే విషం. ఆ జన్యువులు ఉండేది క్రోమోజోమ్‌లో కాదు, సుమారు 70 వేల బేస్‌ల ప్లాస్మిడ్ (క్రోమోజోమ్ బయట విడిగా ఉండే డీఎన్‌ఏ ముక్క) మీద. అలాంటి ప్లాస్మిడ్ క్యాంప్‌బెల్లీ, ఓవెన్సీ లాంటి దగ్గరి చుట్టాల్లో కూడా దొరికింది. అందుకే రిపోర్టులో టీఎల్‌హెచ్ అనే జన్యువు పాజిటివ్ అని చూసి కంగారు పడొద్దు, అది జాతి పేరు మాత్రమే చెబుతుంది. టీడీహెచ్, టీఆర్‌హెచ్ అనేవి మనుషులకు జబ్బు చేసే రకాల గుర్తులు. మీరు అడగాల్సింది ఏపీ4, ఆ పిర్ జన్యువుల్ని వెతికే పీసీఆర్. రెండు దశల్లో చేస్తారు కాబట్టి బ్యాక్టీరియా కొద్దిగా ఉన్నా పట్టుకుంటుంది.

ఒక రైతు ఇలాగే ప్లేటు నిండా గ్రీన్‌తో వచ్చారు. అప్పటికే వల వాళ్లకి కబురు పెట్టేశారు. రొయ్యని విప్పి చూస్తే లివర్ ముదురు రంగులో నిండుగా ఉంది, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కగానే నలిగిపోయింది. ఈఎంఎస్ లివర్ అలా ఉండదు. పాలిపోయి, కుంచించుకుపోయి, ఒక్కోసారి నల్ల చారలతో ఉంటుంది, నొక్కినా తేలిగ్గా నలగదు. ఏపీ4 నెగటివ్ వచ్చింది. అసలు గొడవ అడుగున పేరుకున్న మేత, తెల్లవారుజామున పడిపోతున్న ఆక్సిజన్. మేత తగ్గించి, రాత్రంతా ఎయిరేటర్లు తిప్పారు. చెరువు నిలబడింది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) వచ్చాకే పట్టారు.

శాంపిల్‌కి చచ్చినవి తేవొద్దు. నీరసంగా గట్టు వారకి వచ్చినవాటిని బతికుండగానే ఆక్సిజన్ సంచిలో తెండి. ల్యాబు వాళ్లు ముందు అందులోని బ్యాక్టీరియాని బ్రాత్ అనే పోషక ద్రవంలో కొన్ని గంటలు పెంచి పీసీఆర్ చేస్తే ఫలితాన్ని ఎక్కువ నమ్మొచ్చు. దూరమైతే 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, ఫార్మలిన్‌లో మాత్రం వద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది. జెల్ ఫొటో (పీసీఆర్ ఫలితం బ్యాండ్లుగా కనిపించేది) అడిగి తీసుకోండి. నెగటివ్ కంట్రోల్ గడిలో (శాంపిల్ డీఎన్‌ఏ వేయనిది) బ్యాండ్ కనిపిస్తే ఆ టెస్టు చెల్లదు, మళ్లీ చేయమనండి.

రిపోర్టు వచ్చేదాకా యాంటీబయాటిక్ జోలికి పోకండి, మేత తగ్గించండి. పాజిటివ్ వస్తే బ్లీచింగ్ వేయకుండా చుక్క నీరు కూడా కాలవలోకి వదలకండి. దిగువ చెరువులవాళ్లు అవే నీళ్లు తోడుకుంటారు.