నొప్పుల గురించి రాయబోయే అమ్మాయికి

అమ్మాయీ,

కాన్పు నొప్పులు తెప్పించే హార్మోన్ ఆక్సిటోసిన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పులేం లేవు. కానీ మొదటి వాక్యంలోనే ‘ప్రేమ హార్మోన్’ అన్నావు. అది కొట్టెయ్. ఆ మాట కనబడగానే, ఇదంతా మనకి తెలిసిందేలే అని పేజీ తిప్పేస్తారు.

కాన్పు గదిలోంచి మొదలుపెట్టు. నర్సమ్మ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడుతుంది. చేతికింద పొట్ట మెల్లగా బిగుస్తుంది, రాయిలా అవుతుంది, మళ్లీ సడలుతుంది. ఎన్ని సెకన్లు ఉంది, పది నిమిషాల్లో ఎన్నిసార్లు వచ్చింది, రాసుకుంటుంది. నీ వ్యాసమంతా ఆ అరచెయ్యి కింద జరిగేదే.

మెదడులోని హైపోథాలమస్‌లో తయారైన ఆక్సిటోసిన్, అంటే తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలో కలిసి, గర్భసంచి కండరం మీది రిసెప్టర్లకు (హార్మోన్ కబురు అందుకునే ప్రోటీన్లకు) అతుక్కుంటుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది, కండర ప్రోటీన్ మయోసిన్‌కు ఫాస్ఫేటు చేరుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఇంతవరకు బాగానే రాశావు. నెలలు నిండేకొద్దీ ఆ రిసెప్టర్లు విపరీతంగా పెరుగుతాయన్నది మాత్రం వదిలేశావు. అయిదో నెలలో చెవికెక్కని మాటే తొమ్మిదో నెలలో గట్టిగా వినబడుతుంది. అసలు కథ అదే.

నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. నొప్పుల ఇంజెక్షన్ (ఆక్సిటోసినే) ఇస్తే స్విచ్ వేసినట్టు కాన్పు మొదలవుతుందని కొత్తలో ఒక పత్రికకి రాశాను. ఏళ్ల తరబడి పురుళ్లు పోసిన ఒకావిడ అది చదివి, “గర్భసంచి ముఖద్వారం మెత్తబడందే ఎన్ని సీసాలు ఎక్కిస్తే ఏం లాభమమ్మా?” అంది. సిగ్గేసింది.

ఇంకోటి. బిగించేదాని గురించే రాసి, సడలించేదాన్ని మర్చిపోయావు. 1970లో సామీ సయీద్, విక్టర్ మట్ పంది పేగుల్లోంచి వేరుచేసిన వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్) అనే పెప్టైడు ఉంది, 28 అమైనో ఆమ్లాలది. జననాంగాల్లోని నరాల కొసల నుంచి విడుదలై కండరాన్ని వదులు చేస్తుంది, రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. (పేరు మీద జోకు వెయ్యకు, అందరూ వేసేశారు.) దీనికి ఒక పేరా ఇవ్వు.

చరిత్రకి రెండు వాక్యాలు చాలు: పిట్యూటరీ సారం పిల్లి గర్భసంచిని బిగిస్తుందని 1906లో హెన్రీ డేల్ చూడటం, 1953లో రసాయన శాస్త్రవేత్త డు విన్యో ఆక్సిటోసిన్‌ను ల్యాబులో తయారుచెయ్యడం, 1955లో ఆయనకి నోబెల్.

తిరగరాసే ముందు మీ అమ్మగారిని ఒక మాట అడుగు. బిడ్డ పాలు చీకుతుంటే అదే ఆక్సిటోసిన్ విడుదలై, ఖాళీ అయిన గర్భసంచిని పిండుతుంది. మొదటి కాన్పు కన్నా తర్వాతి కాన్పుల్లో ఆ నొప్పి ఎక్కువ. నువ్వు రెండోదానివి కదా, ఆవిడకి బాగానే గుర్తుండి ఉంటుంది.