పాత మిద్దె తీసి కొత్త ఇల్లు: ఐదు లక్షల్లో చల్లగా కట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక పల్లె. ప్రభుత్వం ఐదు లక్షల సాయమిచ్చే ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. పాత మట్టి మిద్దెను తీసి అదే జాగాలో కట్టాలి. సుతారి నాలుగంగుళాల సిమెంటు ఇటుకతో గోడలు లేపుదామంటున్నాడు. మా అమ్మాయేమో పర్యావరణానికి మేలు చేసే ఇల్లు కావాలంటోంది. కూలి చేసుకునే మాకు అది అందుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అందుతుంది. అయితే పర్యావరణం పేరుతో అమ్మే ఖరీదైన సామాను కొనడం వల్ల కాదు, సామాను తక్కువ వాడడం వల్ల. మీకు దొరికే అన్నిటికన్నా చవకైన సామాను మీ పాత మిద్దెలోనే ఉంది. దానిని జేసీబీతో ఒక్క పూటలో నేలమట్టం చేయించకుండా, గోడల రాళ్లను, దర్వాజలను, చెదలు పట్టని దూలాలను విప్పించి పక్కన పెట్టుకోండి. రాయి పునాదికి, గోడమట్టి బేస్‌మెంట్ నింపడానికి పనికొస్తాయి. కప్పు మీది చౌడుమట్టిని మాత్రం కలపవద్దు. అందులోని ఉప్పు గోడలకెక్కి సున్నాన్ని పెచ్చులుగా రాలుస్తుంది.

నాలుగంగుళాల గోడ పడమటి ఎండను ఆపలేదు. గృహప్రవేశం నాడు మురిసినవాళ్లే మే నెలలో మంచాన్ని వేపచెట్టు కిందికి మోసుకుపోవడం మనం చూస్తున్నదే. తొమ్మిదంగుళాల గోడకు ఖర్చెక్కువ అంటారు గానీ, చవక ఇళ్లకు పేరుపడ్డ వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడితే, మామూలు తొమ్మిదంగుళాల గోడతో పోల్చినప్పుడు ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది, ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. దీనికి కొలత తప్పని ఇటుక కావాలి కాబట్టి వంకర టింకర నాటు ఇటుక కన్నా బూడిద ఇటుక నయం. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఈ ఇటుకకు బట్టీ మంట అక్కర్లేదు, పొలం పైమట్టీ పోదు. కొనేముందు రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టి చూడండి, ఖంగుమనాలి.

స్లాబు మామూలుగానే వేయించండి. ఎండాకాలానికి ముందు ఏటా దాని మీద తెల్లసున్నం రెండు పూతలు వేయిస్తే చాలు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానంలోని కిటుకు కూడా కప్పు ఎండను తిప్పికొట్టడమే. కిటికీలు ఎదురెదురుగా, స్నానాలగది పడమర వైపు ఉండేలా చూసుకోండి. సోలార్‌కు ఇప్పుడు తొందర లేదు. కేంద్రం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల రాయితీ ఇస్తున్నా మిగతాది మీరే పెట్టుకోవాలి, పైగా గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద 200 యూనిట్ల వరకు మీకు బిల్లు రాకపోవచ్చు.

ఇంటి విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే ఉండాలి, డబ్బు దశలవారీగా వస్తుంది. కాబట్టి గోడల పద్ధతిని పనిని తనిఖీ చేసే హౌసింగ్ ఇంజినీరు (ఏఈ)కి ముందే చూపించి ఒప్పించుకోండి. సుతారితో గుత్త మాట్లాడుకునే ముందు ఒకరోజు కూలి పోయినా సరే, ఆయనను వెంటబెట్టుకుని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న రూరల్ టెక్నాలజీ పార్కుకు వెళ్లి, అక్కడ కట్టి ఉంచిన నమూనా ఇళ్ల గోడలను చేత్తో తడిమి చూడమనండి.