గుంతలో పడితే వెనక టక్కుమంటోంది

ప్రశ్న: మాది 1984 అంబాసిడర్, పెట్రోల్ బండి. నాన్నగారు ఐసీఎఫ్‌లో, అదే ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, పనిచేసే రోజుల్లో కొన్నారు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. 2015 చెన్నై వరదలో రెండు రోజులు నీళ్లలో ఉంది. ఆరు నెలలుగా స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక ఎడమవైపు టక్కుమంటోంది. కాళహస్తి దారిలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బండి తోక పక్కకి జరిగినట్టు అనిపిస్తోంది. మెకానిక్ షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాడు, చప్పుడు పోలేదు. ఇప్పుడు బుష్షులంటున్నాడు. రబ్బరువి దొరకవు, నైలాన్‌వి లేత్‌లో కోయిస్తానంటున్నాడు. ఒప్పుకోమంటారా? నేనే ఇంట్లో చేసుకోగలనా?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ మెకానిక్ రోగాన్ని ఆలస్యంగానైనా పట్టుకున్నాడు, మందు దగ్గర తప్పాడు. నైలాన్ వద్దు. ఎందుకో చెప్తాను, దానికంటే ముందు డిక్కీ ఖాళీ చేసి ఒకసారి బండి నడిపి చూడండి. నవ్వకండి. అంబత్తూరులో నేను షెడ్డు నడిపే రోజుల్లో ఒక పెద్దాయన ఇదే చప్పుడు పట్టుకుని మూడుసార్లు వచ్చారు. రెండుసార్లు కింద పడుకుని అన్నీ బిగించి పంపించాను. మూడోసారి విసుగొచ్చి డిక్కీ తెరిస్తే, గోనెసంచి కింద ఒక నల్లరాయి! ఏటవాలుగా ఆపినప్పుడు చక్రానికి అడ్డం పెట్టుకుంటారట. గుంత వచ్చినప్పుడల్లా అది లేచి రేకుకి కొట్టుకుంటోంది. సైలెన్సర్ గొట్టం యాక్సిల్‌కి తగిలినా అచ్చం ఇట్లాగే మోగుతుంది, అదీ చూసుకోండి.

మీ విషయంలో మాత్రం రాయి అయ్యుండదు. కాలు తీస్తే తోక జరుగుతోందన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నాకు సగం తెలిసిపోయింది. అంబాసిడర్‌లో వెనక యాక్సిల్‌ని పట్టుకుని ఉండేవి రెండు కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు. బరువు మోసేదీ అవే, యాక్సిల్ ముందుకూ వెనక్కూ పోకుండా ఆపేదీ అవే. కట్ట కొనలు రెండూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటినే కన్నులంటాం. ముందు కన్ను బోల్టుతో బాడీకి ఉంటుంది. బరువుకి కట్ట సాగి పొడుగవుతుంది కాబట్టి వెనక కన్ను ఊగే లింకుకి, అదే షాకిల్‌కి, వేలాడుతుంది. ఈ కీళ్లన్నిటిలో ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. ముందు కన్నులో రబ్బరు చచ్చిపోతే ఆ వైపు యాక్సిల్‌కి ఆట వచ్చేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే చక్రం కట్టని ముందుకి తోస్తుంది, కాలు తీయగానే ఇంజన్ వెనక్కి లాగుతుంది. ఎడమ చక్రం అటూ ఇటూ జరిగి, కుడి చక్రం ఉన్నచోటే ఉంటే, స్టీరింగ్ మీ చేతిలో ఒకటీ వెనక యాక్సిల్‌లో ఒకటీ ఉన్నట్టే. వర్షంలో ఆ బండి మీద కాళహస్తి వెళ్లకండి.

రూఢి చేసుకోవడం తేలిక. బండి చక్రాల మీదే నిలబడి ఉండగా పొడుగాటి రాడ్ ఒకటి కన్నుకీ బ్రాకెట్‌కీ మధ్య దూర్చి ఎత్తండి. బాగున్న బుష్ కొంచెం ఇచ్చి మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. పోయినదైతే కన్ను కళ్లెదుటే కదిలి, మీరు ఆరు నెలలుగా వింటున్న ఆ టక్కు చేతికి తగులుతుంది. కన్ను చుట్టూ ఎర్రపొడి రాలి ఉన్నా, రబ్బరు ఒక పక్కకి నాలుకలా బయటికొచ్చినా ఇంక పరీక్ష అక్కర్లేదు. పనిలో పనిగా షాక్ అబ్జార్బర్ కొనల్లో ఉండే చిన్న రబ్బర్లు కూడా చూడండి. కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి పాత రబ్బర్లే తగిలించిన ఘనులు చాలామందిని చూశాను.

ఇక నైలాన్ సంగతి. ఒక చక్రం గుంతలోకి దిగి రెండోది పైనే ఉంటే యాక్సిల్ వాలుతుంది, దాంతోపాటు కట్ట మెలి తిరగాలి. ఆ మెలికని మింగేది రబ్బరే. నైలాన్ మింగదు, తిప్పి కొడుతుంది. ఆ దెబ్బ మెయిన్ కట్ట కన్ను మీదా, నలభై ఏళ్లనాటి బాడీ బ్రాకెట్ మీదా పడుతుంది. వేసిన రోజు బండి గట్టిగా, భలే ఉందనిపిస్తుంది. మెకానిక్‌కి ఆ రోజే డబ్బులిచ్చేస్తారు కదా!

రబ్బరువి దొరకవంటే నేను నమ్మను. 2014 మే దాకా ఉత్తర్‌పరాలో తయారైన బండి అది. పాత బుష్షు చేతిలో పట్టుకుని జీపీ రోడ్డులో నాలుగు షాపులు ఎక్కి దిగండి. పాతది విప్పకుండా మాత్రం కొనకండి. ఇన్నేళ్లలో ఎవరు ఏం వేశారో తెలియదు. ఇనుప గొట్టాల మధ్య రబ్బరు పోతపోసిన బుష్ ఉండొచ్చు, రెండు పక్కల నుంచీ దూర్చే సగం సగం రబ్బర్లు ఉండొచ్చు. షాకిల్ ప్లేట్లు, బ్రాకెట్లు కావాలంటే పాత సామాన్లు అమ్మే పుదుపేట వెళ్లండి, తప్పు లేదు. కానీ పాత బండిలోంచి ఊడదీసిన రబ్బరు ఎంత చవకైనా ముట్టుకోకండి. కొత్తదాన్ని కూడా గోరుతో నొక్కి చూడండి. నొక్కు పడి తిరిగి రావాలి. రాయిలా ఉన్నా, చేతికి నల్లగా అంటుకున్నా కొనకుండా షాపులోనే వదిలేయండి.

మీరు చేసుకోగలరా అంటే, చేసుకోగలరు. ఒక్క ఆదివారంలో అయిపోతుందని మాత్రం ఇంట్లో చెప్పకండి. వరద నీళ్లు రబ్బరుకి పెద్దగా ఏమీ చేయవు. కానీ ముందు కన్ను బోల్టు బుష్షు లోపలి గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. రెండు మూడు రాత్రుల ముందునుంచే తుప్పు వదిలించే ఆయిల్ పోస్తూ ఉండండి. స్పానర్లు ఇంచి సైజువి తెచ్చుకోండి. మిల్లీమీటరు స్పానర్ పట్టినట్టే పట్టి నట్టు మూలలు కొరికేస్తుంది.

ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టి, వెనక ఎత్తి, బాడీ కింద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే మీకు బుష్షుల కన్నా ముందు వెల్డింగ్ పని ఉంది. యాక్సిల్ కింద వేరే జాకీ ఉండాలి. దాన్ని పైకీ కిందకీ చేస్తూ ఉంటేనే బోల్టు మీద బరువు తగ్గి బయటికి వస్తుంది. బ్రేక్ హోస్‌కి యాక్సిల్ వేలాడకుండా చూసుకోండి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు విప్పండి. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, షాకిల్, ముందు బోల్టు విప్పితే కట్ట కిందికి వస్తుంది. మీరు అనుకున్నదానికంటే బరువుంటుంది, ఒక మనిషి సాయం పెట్టుకోండి.

బోల్టు రాకపోతే సుత్తితో మర మీద కొట్టకండి, ముందు నట్టు కొనదాకా ఎక్కించి ఆ తర్వాత కొట్టండి. అప్పటికీ రాకపోతే రంపంతో కోసేయండి, కొత్త బోల్టే నయం. పాత బుష్షు తీయడానికి గ్యాస్ మంట పెట్టే అలవాటు మా వాళ్లకి ఉంది. ఆ పొగ పీల్చకూడదు, పైగా ఆ వేడికి కన్ను దగ్గర ఉక్కు పదును పోతుంది. నేను చేసేదేమంటే, రబ్బరులో డ్రిల్లుతో చుట్టూ చిల్లులు వేసి మధ్య గొట్టం లాగేస్తాను. మిగిలిన పై గొట్టాన్ని రంపం బ్లేడుతో లోపల్నుంచి ఒక గీత కోసి, కొట్టి తీస్తాను. కన్ను మీద గాటు పడకూడదు. కన్ను లోపల ఎమెరీతో తుడిచి, కొత్తదాన్ని వైస్‌లో పెట్టి నొక్కుకుంటూ ఎక్కించండి. సుత్తి వద్దు. చేత్తోనే దూరిపోయిందా, సంతోషించకండి. కన్ను విచ్చుకుందన్నమాట, కమాన్ పని చేసే కొలిమి దగ్గరికి తీసుకెళ్లాలి. షాకిల్ పిన్నుల మీద గోరు పెట్టి లాగితే మెట్టు తగిలితే వాటినీ మార్చండి. రబ్బర్లకి సబ్బునీళ్లు రాయండి, గ్రీజు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిలో చేరిన కొత్తలో ఇట్లాగే ఒక బండికి బుష్షులన్నీ వేసి, బండి గాల్లో ఉండగానే బోల్టులన్నీ ఊపిరి బిగబట్టి బిగించేశాను. మా మేస్త్రి తమిళాయన, ఆ వేళకి భోజనానికి వెళ్లాడు. మూడు నెలలు తిరక్కుండా అదే బండి అదే టక్కుతో వచ్చింది. విప్పితే కొత్త రబ్బరు నిలువునా చీలి ఉంది. మేస్త్రి తిట్టలేదు. ఒక కొత్త బుష్షు నా చేతికిచ్చి, లోపలి గొట్టం పట్టుకుని తిప్పమన్నాడు. బలంకొద్దీ తిప్పితే కొంచెం తిరిగింది, వదిలితే వెనక్కి వచ్చింది. అంతే, అర్థమైంది. ఆ రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కి కరుచుకుంటుంది. ఆ క్షణంలో కట్ట ఏ కోణంలో ఉంటే అదే రబ్బరుకి సుఖంగా ఉండే కోణం. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, చక్రాలు నేల మీద పెట్టిన మరుక్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉంటుంది, బండి షెడ్డులో నిద్రపోతున్నా సరే.

అందుకని ముందు కన్ను, షాకిల్ నట్లన్నీ చేత్తో తిప్పినంతవరకే ఉంచండి. చక్రాలు వేసి దించండి. వెనక కూర్చున్నట్టు నాలుగుసార్లు నొక్కి వదలండి, బండిని ముందుకీ వెనక్కీ ఒక అడుగు తోయండి. అప్పుడు చక్రాల మీద బరువుండగానే కిందికి దూరి బిగించండి. బండి కింద నిలబడి పనిచేసే కాలవ ఉన్న షెడ్డు దొరికితే మంచిది. మెల్లగా నడుపుకుంటూ అక్కడికి వెళ్లి ఈ ఒక్క పనీ చేయించుకున్నా తప్పు లేదు, వీధి చివరే ఉంటే. యూ బోల్టులు మాత్రం 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి.

ప్రశ్న: మా పద్మిని కారుకి కమాన్ కట్టలు కిర్రుమనకుండా మెకానిక్ ప్రతి సర్వీసుకీ పాత ఇంజన్ ఆయిల్ కొడుతున్నాడు. మంచిదేనా అండీ?
— ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: కిర్రు పోతుందమ్మా, నాలుగు రోజులు. తర్వాత మన చెన్నై దుమ్ము ఆ ఆయిల్‌లో కలిసి నూరుడు పిండి అవుతుంది. అంతకంటే చేటు, అది కారి కన్నుల్లో రబ్బరుకి చేరితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పై అంబాసిడర్ గారికి గ్రీజు వద్దన్నదీ అందుకే. కట్టలు కడిగించి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు కొద్దిగా పెట్టించండి, కన్నులకి తగలకుండా.

ప్రశ్న: మీరు అంబాసిడర్‌కి చెప్పే పద్ధతే మా స్టాండర్డ్ హెరాల్డ్‌కీ పనికొస్తుందా? వెనక బుష్షులు మార్చాలి.
— ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: బరువు మీద బిగించాలన్న మాట ఒక్కటే పనికొస్తుంది, మిగతాది మర్చిపోండి. మన మద్రాసులోనే తయారైన బండే గానీ దాని వెనక కథ వేరు. రెండు నిలువు కట్టలు ఉండవు, వెనక చక్రాల మధ్యనుండే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, మీద అడ్డంగా ఒకటే కట్ట. చక్రం మరీ కిందికి దిగిపోకుండా ఆపేది షాక్ అబ్జార్బరే. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ షాక్ అబ్జార్బర్ బోల్టు తీశారో, కట్ట ఒక్కసారిగా కిందికి విసురుతుంది, చెయ్యి అక్కడుంటే చెయ్యి పోతుంది. మొదట ఆ వెనక చక్రం పక్కనున్న నిలువు లింకు కింద జాకీ పెట్టి బరువు ఎత్తండి, ఆ తర్వాతే స్పానర్ ముట్టుకోండి. ఏ బుష్షులు పోయాయో రాయలేదు మీరు. కట్ట కొనలవా, ముందుకి పోయే చిన్న ఆర్మ్‌వా? రాసి పంపండి, వచ్చే నెల చెప్తాను.